అంకె మారలేదు, చట్రం మారినది

కొత్తగా కెమెరా కొన్న ఇంట కొద్ది మాసాలలోనే ఒక ప్రశ్న తలయెత్తుతుంది. కెమెరాతో పాటు వచ్చిన జూమ్ లెన్సు పగటి వెలుగులో బాగానే పనిచేస్తుంది. దీపాలు పెట్టిన తరువాత మాత్రం బొమ్మలు మసకబారుతాయి. తెలిసినవారిని అడిగితే, వెలుగును ఎక్కువగా రానిచ్చే ప్రైమ్ లెన్సు ఒకటి కొనుమంటారు. దుకాణానికి పోతే 24, 35, 40, 50 అని అంకెలు వేసిన చిన్న నల్లని గొట్టాలు నాలుగు బల్ల మీద పెడతారు. చూపునకు అన్నీ ఒక్కటే. ఏదీ పావుకిలో తూగదు. ధరలలో కూడ పెద్ద అంతరం లేకపోవచ్చును. అప్పుడు కొనుగోలుదారు ఏది తీసుకొనవలె?

పదిమందిలో ఎనిమిదిమంది చెప్పే సమాధానం ఒకటే: యాభై. అది అందరిలోకి ప్రసిద్ధమైన అంకె, పైగా చవుక. అయితే ఈ ప్రసిద్ధి దానికి ఎక్కడ నుండి వచ్చినది? వచ్చిన చోటనే అది ఉన్నదా, లేక మన చేతిలోని కెమెరాకు కూడ వర్తిస్తుందా? ఈ ప్రశ్నకు సమాధానం దుకాణంలో దొరకదు. దానికై ఛాయాగ్రహణ చరిత్రలో నూరు సంవత్సరాలకు పైగా వెనుకకు పోవలె.

ముందుగా ఒకటి రెండు మాటల అర్థం తేల్చుకొందము. లెన్సు మీద మిల్లీమీటర్లలో వ్రాసి ఉండే అంకె దాని నాభ్యంతరం. నాభ్యంతరం మార్చుకొనుటకు వీలైనది జూమ్ లెన్సు, ఒకే నాభ్యంతరం గలది ప్రైమ్ లెన్సు. దీనికి ఇంటి కిటికీని పోలికగా తీసుకొనవచ్చును. గదిలో కిటికీకి దగ్గరగా నిలిచినవానికి వీధి అంతా కనబడుతుంది. వెనుకకు జరిగిన కొద్దీ ఎదుటి ఇల్లు మాత్రమే, ఆ తరువాత ఆ ఇంటి గుమ్మం మాత్రమే కనబడుతుంది. కంటికి కిటికీకి గల దూరం నాభ్యంతరం వంటిది. కిటికీ చట్రం, ఫిల్ము మీదనో సెన్సారు మీదనో బొమ్మ పడే మేర వంటిది. ఈ రెండింటిలో ఏది మారినా కనబడే వీధి మారుతుంది. చట్రం సగానికి మూసివేసి, నిలుచున్న చోటనే నిలుచున్నవానికి వీధి కుంచించుకొనిపోక తప్పదు. కనుక నాభ్యంతరం ఒక్కటే చెప్పి చట్రం చెప్పకపోతే, చెప్పినది సగమే అవుతుంది.

ఈ సంగతి తొలితరం ఛాయాగ్రాహకులకు బాగుగా తెలుసు. చట్రం ఒక మూల నుండి ఎదుటి మూలకు గల కర్ణం ఎంత పొడవో, రమారమి అంత నాభ్యంతరం గల లెన్సును వారు సామాన్య కటకంగా భావించినారు. పన్నెండంగుళాల పొడవు, పదంగుళాల వెడల్పు గల గాజు పలకకు కర్ణం సుమారు 400 మిల్లీమీటర్లు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా ప్రసిద్ధికెక్కిన రాజా దీన్ దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపిన కాలం ఇటువంటి పెద్ద పలకల కాలమే. ఆ రోజులలో ఎవరైనా యాభై మిల్లీమీటర్ల కటకం సామాన్యమైనదని అని ఉంటే, విన్నవారు నవ్వి ఉండేవారు.

యాభైకి పట్టాభిషేకం జరిగినది జర్మనీలో. వెట్స్‌లార్ పట్టణంలో సూక్ష్మదర్శినులు తయారుచేసే లైట్జ్ సంస్థలో ఆస్కార్ బార్నాక్ అనే యంత్రశిల్పి ఉండేవాడు. బరువైన పలకల కెమెరాను మోయలేక, సినిమా ఫిల్ముతో బొమ్మలు తీసే చిన్న కెమెరాను 1913–14 ప్రాంతంలో ఆయన తయారుచేసినాడు. సినిమా ఫిల్ము మీద ఒక్కొక్క బొమ్మ 18 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు. బార్నాక్ ఫిల్మును అడ్డంగా నడిపి, రెండు బొమ్మల చోటును ఒక బొమ్మకు ఇచ్చినాడు. ఆ విధంగా 24కు 36 మిల్లీమీటర్ల చట్రం ఏర్పడినది. దీని కర్ణం 43 మిల్లీమీటర్లు. అదే సంస్థలోని మాక్స్ బెరెక్ దీనికై రూపొందించిన కటకం మాత్రం 50 మిల్లీమీటర్లది. కర్ణం కంటె కొంచెం ఎక్కువ నాభ్యంతరం గల కటకంతో చట్రపు మూలల దాక బొమ్మను స్పష్టంగా ఉంచుట సులభం. లైకా అను పేరుతో ఆ కెమెరా 1925లో లైప్‌జిగ్ సంతలో ప్రదర్శింపబడినది. తరువాత వచ్చిన సంస్థలు చాలవరకు ఆ చట్రాన్నే, ఆ అంకెనే అనుసరించినవి. నాటి నుండి యాభై అంటే సామాన్యం, సామాన్యం అంటే యాభై.

ఆ కటకం చవుక అగుటకు వేరొక చరిత్ర కలదు. 1817లో గణితవేత్త గౌస్ దూరదర్శిని కొరకు రెండు గాజుబిళ్లల కూర్పు ఒకటి సూచించినాడు. 1888లో అమెరికాలోని ఆల్వన్ క్లార్క్ అటువంటి కూర్పులు రెండింటిని ఎదురెదురుగా నిలిపి చూచినాడు. 1896లో జైస్ సంస్థలోని పాల్ రుడోల్ఫ్ దానిని సంస్కరించి ఆరు బిళ్లల ప్లానార్ కటకాన్ని నిర్మించినాడు. ఎక్కువ వెలుగును రానిస్తూ, బొమ్మను అంచుల దాక చదునుగా నిలిపే కూర్పు అది. అయితే దానిలో గాలికి గాజుకు నడుమ ఎనిమిది ఉపరితలాలు ఉన్నవి. పూత లేని గాజు ఒక్కొక్క ఉపరితలం వద్ద నూటికి నాలుగు పాళ్లకు తక్కువ కాకుండ వెలుగును వెనుకకు కొట్టివేస్తుంది. ఎనిమిది చోట్ల పోగా నాలుగింట ఒక వంతుకు మించి నష్టమే. ఆ చెదరిన వెలుగు బొమ్మ మీద తెల్లని పొరవలె వ్యాపిస్తుంది కూడ. అందువలన 1902లో అదే రుడోల్ఫ్ రూపొందించిన నాలుగు బిళ్లల టెస్సార్ కటకానికే చాలకాలం ఆదరణ లభించినది. 1935లో జైస్ సంస్థలోనే స్మకులా గాజు మీద పలుచని పూత వేసే పద్ధతిని కనుగొన్న తరువాత పాత కూర్పునకు మంచిరోజులు వచ్చినవి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం వచ్చిన వెలుగు గల యాభైలలో అధిక భాగం ఈ కుటుంబంలోనివే.

ఇక్కడ ఒక యంత్ర రహస్యం కూడ ఉన్నది. అద్దం లేచి పడే రిఫ్లెక్సు కెమెరాలో, కటకం కూర్చునే అంచుకు ఫిల్ముకు నడుమ ఆ అద్దం కదలుటకు చోటు ఉండవలె. కానన్ కెమెరాలలో ఆ దూరం 44 మిల్లీమీటర్లు, నికాన్‌లో నలభై ఆరున్నర. యాభై మిల్లీమీటర్ల కటకం ఆ అద్దానికి ఇవతల సుఖంగా ఇమిడిపోతుంది. ముప్పది ఐదు, ఇరువది నాలుగు అట్లు ఇమడవు. బొమ్మను ఇంకను వెనుకకు నెట్టుటకు వాటి ముందు అదనంగా బిళ్లలు చేర్చవలసి వచ్చినది. ఫ్రాన్సు దేశపు పియెర్ ఆంజెన్యో 1950లో అమ్మకానికి తెచ్చిన 35 మిల్లీమీటర్ల కటకం ఈ మార్గంలో పేరుగాంచినది. బిళ్లలు పెరిగితే బరువు, ఖరీదు పెరుగుట సహజం. కాబట్టి యాభై చవుకగా దొరకుటకు కారణం అది మన కంటికి ప్రత్యేకంగా అనుకూలించుట కాదు. ఆనాటి అద్దానికి అది అనుకూలించినది, అంతే.

రిఫ్లెక్సు కెమెరా కొన్నవారికి చాలకాలం యాభై దానితోనే వచ్చేది. 1980ల తరువాత ఆ స్థానాన్ని జూమ్ లెన్సు క్రమంగా ఆక్రమించినది. అయినను యాభై వంశం నిలిచినది. కానన్ వారు 1987లో విడుదల చేసిన ఎఫ్/1.8 యాభై, 1990లో ప్లాస్టిక్ అంచుతో మరింత చవుకైనది. 2015లో మరల లోహపు అంచుతో వచ్చినది.

ఇంతలో చట్రం మారినది. ఫిల్ము స్థానంలో సిలికాను సెన్సారు వచ్చినది. సెన్సారును పెద్దది చేయుట ఎందుకు కష్టమో, గుడ్డ కత్తిరించే ఉదాహరణతో తెలిసికొనవచ్చును. ఒక తానులో అక్కడక్కడ నాలుగైదు మచ్చలు ఉన్నవనుకొందము. దానిని చేతిరుమాళ్లుగా కత్తిరిస్తే నాలుగైదు రుమాళ్లు మాత్రమే పాడవుతాయి. పంచెలుగా కత్తిరిస్తే దాదాపు ప్రతి పంచెకూ ఒక మచ్చ తగులుతుంది. సిలికాను పలక విషయంలోను అంతే. కనుక 1999లో వచ్చిన నికాన్ డి1 సెన్సారు 23.7కు 15.6 మిల్లీమీటర్లకు పరిమితమైనది. 2000లో కానన్ డి30 అంతకంటె కొంచెం చిన్నదానితో వచ్చినది. 2003లో కానన్ 300డి అమెరికాలో వేయి డాలర్లకు లోపు ధరకు వచ్చిన తరువాత సామాన్య కుటుంబాలకు కూడ అటువంటి కెమెరా అందుబాటులోనికి రాసాగినది. 24కు 36 పూర్తి చట్రం గల సెన్సార్లు 2002లోనే వచ్చినా, వాటి ఖరీదు వృత్తిదారులకే తగియుండినది.

ఈ చిన్న చట్రానికి ఏపీఎస్–సి అని పేరు స్థిరపడినది. 1996లో ప్రవేశపెట్టిన ఒక కొత్తరకం ఫిల్ములో 25.1కు 16.7 మిల్లీమీటర్ల బొమ్మకు ఉన్న పేరది. ఆ ఫిల్ము తయారీ 2011లో ఆగిపోయినది. ఫిల్ము గతించినను దాని పేరు మాత్రం లక్షలాది కెమెరాలలో నేటికిని బ్రతికియున్నది. వాడుకలో దీనినే క్రాప్ సెన్సారు అంటున్నారు.

చట్రం చిన్నదైనప్పుడు పాత కటకాలు పాత అంకెలతోనే కొత్త కెమెరాలకు తగిలింపబడినవి. కిటికీ చిన్నదైనది, నిలుచున్నవాడు మాత్రం జరుగలేదు. నికాన్, సోనీ, ఫ్యూజీ చిన్న చట్రాలలో ఒకటిన్నర రెట్లు, కానన్‌లో 1.6 రెట్లు లెక్కకట్టవలె. పూర్తి చట్రంలో 75 లేక 80 మిల్లీమీటర్ల కటకం ఎంత వీధిని చూపునో, చిన్న చట్రంలో యాభై అంతే చూపుతుంది. అది ముఖచిత్రాలకు వాడే కటకపు చూపు. సామాన్య కటకమని పేరు విని దానిని కొన్నవాడు నేతిబీరకాయలో నేయి వెదకినవాడే. చిన్న చట్రపు కర్ణం సుమారు 28 మిల్లీమీటర్లు. బార్నాక్ చట్రానికి యాభై ఏ పాళ్లలో నప్పినదో, ఆ పాళ్లలో దీనికి నప్పునది ముప్పది మూడు మిల్లీమీటర్ల చేరువలోనిది.

తయారీదారులు దీనిని గుర్తించుటకు కొన్ని సంవత్సరాలు పట్టినది. చిన్న చట్రానికై సిగ్మా సంస్థ 2005లో 30 మిల్లీమీటర్ల ఎఫ్/1.4 కటకాన్ని, నికాన్ 2009లో 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 కటకాన్ని తెచ్చినవి. కానన్ వారి పలుచని 40 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 కటకం 2012లోను, చిన్న చట్రానికే ఉద్దేశించిన 24 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 కటకం 2014లోను వచ్చినవి. దుకాణపు బల్ల మీది నాలుగు గొట్టాల వెనుక ఉన్న చరిత్ర ఇది.

ఇప్పుడు ఈ చరిత్రను ఇంటిలోనికి తెచ్చుకొందము. పండుగనాడు కుటుంబంలో ఆరుగురు వరుసగా నిలిచినారు. వారికి అటు ఇటు కొంచెం చోటు విడిచి పది అడుగుల వెడల్పు కావలెననుకొందము. చిన్న చట్రపు కెమెరాలో 24 మిల్లీమీటర్ల కటకంతో పదిన్నర అడుగుల దూరం నుండి వారందరు బొమ్మలో పడతారు. 35తో సుమారు పదునైదు అడుగులు, 40తో పదిహేడున్నర అడుగులు వెనుకకు పోవలె. యాభైతోనైతే ఇరువది రెండు అడుగులు. పూర్వపు ఫిల్ము కెమెరాలో అదే యాభైకి పదునాలుగు అడుగులు చాలినవి. పది, పన్నెండు అడుగుల గదులు గల మన ఇండ్లలో ఇరువది రెండు అడుగుల చోటు ఎక్కడిది? తీసేవాడు గది దాటి, వసారా దాటి, వీధిలో నిలువవలె. మంచం పట్టిన తాతగారి చుట్టూ మనుమలు చేరిన దృశ్యం ఆ కటకంలో ఇమడదు. అట్టి దృశ్యం మరల వచ్చునన్న భరోసా కూడ లేదు.

యాభైని తీసిపారవేయవలెనని దీని భావం కాదు. ఒక్క మనిషిని తల నుండి రొమ్ము దాక, రెండున్నర అడుగుల ఎత్తున, కెమెరాను నిలువుగా పట్టి తీయదలచితే యాభైతో అయిదున్నర అడుగుల దూరం నుండి తీయవచ్చును. ఇరువది నాలుగుతో రెండున్నర అడుగుల దగ్గరకు పోవలె. అంత దగ్గర నుండి చూచినప్పుడు ముక్కు పెద్దదిగా, చెవులు వెనుకకు పోయినట్లుగా కనబడుతుంది. ఈ వికారానికి కటకం కారణం కాదు, మనం నిలిచిన చోటే కారణం. ఎంత దూరం నుండి చూస్తే ముఖం అంతగానే మారుతుంది. నాట్యవేదిక మీది బాలికను, పెండ్లిపీటల మీది వధూవరులను పక్కనుండి అడ్డు రాకుండ తీయుటకు యాభై చక్కని సాధనం. చేయవలసిన పని ఇది అని నిర్ణయించుకొని దానిని కొన్నవాడు మోసపోడు.

దూరం తేలిన తరువాత వెలుగు సంగతి చూడవలె. కటకం ఎంత విప్పారునో ఎఫ్ అంకె చెపుతుంది. అంకె చిన్నదైన కొద్దీ వెలుగు ఎక్కువ. ఎఫ్/1.8 కటకం ఎఫ్/2.8 కటకం కంటె దాదాపు రెండున్నర రెట్లు వెలుగును రానిస్తుంది. మొదటిదానితో సెకనులో అరువదవ వంతు చాలిన చోట, రెండవదానికి ఇరువది ఐదవ వంతు కావలసి వస్తుంది. కూర్చున్న పెద్దవారికి ఈ భేదం పట్టదు. ఆడుకొనే పిల్లవానికి పడుతుంది, వాని చేతులు మసకలవుతాయి. అయితే పూర్తిగా విప్పిన కటకంలో ముందువరుస స్పష్టంగా వస్తే వెనుకవరుస మసకగా రావచ్చును. అందుచేత పెద్ద గుంపులను తీయునప్పుడు ఎఫ్/1.8 కొన్నవారు కూడ దానిని కొంత మూసియే తీయవలె.

అంకె కూడ ఒక్కటే అయినప్పుడు ఏమి చేయవలె? ఫ్యూజీ సంస్థ చిన్న చట్రానికి 2012లో ఎఫ్/1.4 గల 35 మిల్లీమీటర్ల కటకాన్ని, 2015లో ఎఫ్/2 గల 35 మిల్లీమీటర్ల కటకాన్ని విడుదల చేసినది. రెండును చూపే వీధి ఒక్కటే. మొదటిది రెండింతలు వెలుగునిస్తుంది. రెండవది తుంపరకు దుమ్ముకు తట్టుకొనునట్లు కట్టబడినది, చప్పుడు లేకుండ త్వరగా దృష్టి నిలుపుతుంది. రాత్రివేళ ఇంటిలో తీసేవాడు మొదటిదానిని, తిరునాళ్లలో వానలో తిరిగేవాడు రెండవదానిని ఎన్నుకొనుట న్యాయం. నికాన్ కెమెరాల వారు ఇంకొక జాగ్రత్త తీసుకొనవలె. పాత 50 మిల్లీమీటర్ల డి రకం కటకంలో మోటారు లేదు. 2006 నాటి డి40 మొదలుకొని చవుక రకం రిఫ్లెక్సు కెమెరాలలో కూడ మోటారు లేదు. ఆ రెండు కలిసినచోట దృష్టిని చేతితో తిప్పి నిలుపుకొనవలసినదే. చవుకగా వచ్చినదని పాతది కొనేముందు ఈ సంగతి విచారించుట మంచిది.

ఇంతకును సులభమైన పరీక్ష ఒకటి కలదు, దానికి పైసా ఖర్చు లేదు. కెమెరాతో వచ్చిన జూమ్ లెన్సు మీద 18 నుండి 55 వరకు అంకెలు సాధారణంగా ఉంటాయి. దానిని ఒక వారం 24 వద్ద, ఒక వారం 35 వద్ద, ఒక వారం 50 వద్ద కదలకుండ నిలిపి ఇంటిలోను వీధిలోను బొమ్మలు తీయవలె. ఏ వారంలో గోడకు వీపు ఆనుకొని విసుగుకొన్నామో, ఏ వారంలో మరీ మీదికి పోవలసి వచ్చినదో కాళ్లే చెపుతాయి. ఇంతకు ముందు తీసిన బొమ్మలున్నా చాలును. ప్రతి బొమ్మతో పాటు దానిని తీసిన నాభ్యంతరం కూడ కెమెరా వ్రాసి ఉంచుతుంది. నచ్చిన బొమ్మలు నూరు ఏరి, వాటి నాభ్యంతరాలు ఏ అంకె చుట్టూ చేరినవో చూడవచ్చును.

నేడు అద్దం లేని కెమెరాలు వచ్చినవి. కటకానికి సెన్సారుకు నడుమ దూరం నికాన్‌లో 16, ఫ్యూజీలో 17.7 మిల్లీమీటర్లకు తగ్గినది. యాభైని చవుక చేసిన అద్దమే తొలగిపోయినది. 2021లో ఫ్యూజీ వారి 33 మిల్లీమీటర్ల ఎఫ్/1.4, 2023లో నికాన్ వారి 24 మిల్లీమీటర్ల ఎఫ్/1.7 చిన్న చట్రం కొరకే వెలువడినవి. ఒక శతాబ్దం క్రింద వెట్స్‌లార్‌లో ఒక చట్రం కొరకు ఏర్పడిన అంకె మన గదికి శాసనం కానక్కరలేదు. ఇంటిలో ఒక్క కటకం మాత్రమే కొనగల కుటుంబం ముందు తన గదిని అడుగులతో కొలిచి, ఎవరి బొమ్మలు తీయవలెనో తలచుకొని, ఆ తరువాత దుకాణానికి పోవలె. అప్పుడు బల్ల మీది నాలుగు గొట్టాలు ఒక్కతీరుగా కనిపించవు.